ఆకరనిర్దేశమును బత్రికాప్రామాణ్యమును

శాస్త్రగ్రంథమునందు గాని పరిశోధనవ్యాసమునందు గాని యొక విషయము చెప్పఁబడినపుడు చదువరి యడుగఁదగిన ప్రశ్నలు రెండు. ఈ మాట యెక్కడిది? ఈ మాట నమ్మఁదగినదా? మొదటి ప్రశ్నకు సమాధానము చెప్పునది యాకరనిర్దేశము. రెండవదానికి సమాధానము చెప్పవలసినది పరీక్ష. ఇవి రెండును వేఱువేఱు వ్యాపారములు. నేఁడు పరిశోధనలోకమున నీ రెండును గలసిపోయి, పత్రిక పేరే పరీక్షగాను, వ్యాసము చివర నెక్కించిన పేళ్లపట్టికయే యాకరనిర్దేశముగాను జెల్లుబడి యగుచున్నవి. పత్రికల తారతమ్యమును గొలుచుటకై యిటీవలి డెబ్బది సంవత్సరములలోఁ బుట్టిన సాధనములను, ఆకరములను జూపుట కేర్పడిన సాధనములను వేఱువేఱుగఁ బరిశీలించి, దేని యధికార మెంతవఱకో నిర్ణయించుట యీ వ్యాసమున కుద్దేశము.

ఆకరమును జెప్పు నాచారము మనకుఁ గ్రొత్తది గాదు. అర్ధమాత్ర తగ్గినను బుత్రోత్సవమంత సంతసింతురని పేరుపొందిన వైయాకరణులకు మూలపురుషుఁడైన పాణిని తన యష్టాధ్యాయియందు ఆపిశలి, కాశ్యపుఁడు, గార్గ్యుఁడు, గాలవుఁడు, చాక్రవర్మణుఁడు, భారద్వాజుఁడు, శాకటాయనుఁడు, శాకల్యుఁడు, సేనకుఁడు, స్ఫోటాయనుఁడు అను పదుగురు పూర్వాచార్యులను బేర్కొనియున్నాఁడు. అక్షరమక్షరమును దూఁచి వాడిన సూత్రకారుఁ డీ పేళ్ల కేల తావిచ్చెను? వ్యాఖ్యాతలు దీనికి రెండు ప్రయోజనములను జెప్పిరి. కొన్నిచోట్ల నాచార్యనామము వికల్పార్థము. అనఁగా నా కార్య మా యాచార్యుని మతమున నగును, ఇతరుల మతమునఁ గాదు. కొన్నిచోట్లఁ బూజార్థము, అచట నామగ్రహణముచేత రూపసిద్ధిలో భేద మేమియు లేదు, గౌరవము మాత్రమే ఫలము.

ఈ విభాగము నేఁటి పరిశోధకుల యుల్లేఖనములకుఁ జక్కఁగ నన్వయించును. ఏ పేరును దొలఁగించినచో వాదము నిలువదో యది యర్థవంతమైన యుల్లేఖనము. ఏ పేరును దొలఁగించినను వాదమునకు లోటు రాదో యది పూజార్థము. పూజ తప్పు గాదు. కాని పాణిని కన్నివిధముల పేళ్లును గలిపి పదింటికి మించలేదు. నేఁటి వ్యాసములందుఁ బూజార్థములే పుటలు నింపుచున్నవి.

ఆంధ్రుఁడైన కోలాచల మల్లినాథసూరి కాళిదాసకావ్యములకు వ్యాఖ్య వ్రాయఁబూని, మూలము లేనిది వ్రాయననియు, నపేక్షితము గానిది పలుకననియు మొదటనే ప్రతిజ్ఞచేసెను. ఒక పదమున కర్థము చెప్పినచోట నది యమరునిదో, విశ్వునిదో, యాదవునిదో, హలాయుధునిదో వెంటనే తెలిపెను. మన మడికి సింగన సకలనీతిసమ్మతమునఁ బూర్వుల నీతిపద్యములను నేఱికూర్చుచు నవి యే గ్రంథములవో పేర్కొనెను. ఆ పేరు వ్రాయుటకుఁ బట్టిన యక్షరములు నాలుగైదు మాత్రమే. ఆ నాలుగైదక్షరముల పుణ్యముననే ముద్రామాత్య మను గ్రంథ మొకటి యుండెనని నేఁడు మన మెఱుఁగుదుము. సింగన పేరు వ్రాయక పద్యములను మాత్రమే కూర్చియుండినచోఁ బద్యములు మిగిలెడివి, గ్రంథము సాహిత్యచరిత్రనుండియే తొలఁగెడిది. ఆకరనిర్దేశము పరులకుఁ జెల్లించు మర్యాద మాత్రమే యని తలఁచువా రీ దృష్టాంతమును గమనింపవలెను. అది విద్యకుఁ గాపుదల.

ఐనను బ్రాచీనుల పద్ధతి నేఁటికిఁ జాలదు. మల్లినాథుని చదువరి యమరకోశమును గంఠస్థము చేసినవాఁడు. అమరుని పేరు వినినంతనే శ్లోకము వాని నాలుకపై నాడును. కావున స్థలనిర్దేశముతోఁ బనిలేకుండెను. అచ్చుయంత్రము వచ్చినపిదప విద్య కంఠమునుండి పుటలోనికి మాఱినది. పుటలోని దానికిఁ బుటసంఖ్య కావలెను. ఆ పుట యే ముద్రణములోనిదో కూడఁ గావలెను. భారతమునఁ జెప్పఁబడినదన్న మాట నేఁ డాకరనిర్దేశము గాదు. పుణెలోని భండార్కరు ప్రాచ్యపరిశోధనసంస్థ 1919 లోఁ బ్రారంభించి, 1925 నుండి సుఖ్తంకరుగారి ప్రధానసంపాదకత్వమున నడిపి, 1966 లో ముగించిన పరిష్కరణమునందలి యధ్యాయసంఖ్యలును, దాక్షిణాత్యపాఠముల ముద్రణములందలి యధ్యాయసంఖ్యలును నొకటి గావు. ఒకదానియం దున్న శ్లోకము వేఱొకదానియం దుండకయే పోవచ్చును. మన వేమనపద్యముల సంగతియు నిట్టిదే. బ్రౌనుదొర 1829 లోఁ బ్రకటించిన సంపుటమునకును, 1839 లోఁ బ్రకటించినదానికిని బద్యసంఖ్యలోనే భేదము గలదు. తరువాతి ముద్రణములందు సంఖ్య మఱింత పెరిగినది. ఇట్టిచో వేమన యనెనన్న మాత్రమున నేమి సిద్ధించును? ఏ ముద్రణమున వేమన యనవలెను.

ఇప్పు డుల్లేఖనమునందలి ప్రధానదోషమును విచారింతము. తాళపత్రప్రతులను సరిపోల్చి గ్రంథపరిష్కరణము చేసినవారి కొక న్యాయము సుపరిచితము. రెండు ప్రతులలో నొకే చోట సరియైన పాఠ మున్నంతమాత్రమున వానికిఁ జుట్టఱికము సిద్ధింపదు. సత్యము రెంటికిని సమానము గదా. ఒకే చోట నొకే తప్పు కనఁబడెనా, యవి యొకదానినుండి యొకటి గాని, రెండు నొక మాతృకనుండి గాని పుట్టినవని యనుమానింపవలెను. అక్షరస్ఖాలిత్యములు పలువిధములు, ఇరువురు లేఖకు లెడమెడమగ నుండి యొకే వింతతప్పును జేయుట యరుదు.

ఈ న్యాయమునే కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకుఁ జెందిన లాస్ ఏంజలిసు శాఖలోని సిమ్కిన్, రాయ్‌చౌధురీ యను నిరువురు శాస్త్రజ్ఞులు 2003 లోఁ బరిశోధనవ్యాసముల కన్వయించి చూచిరి. భౌతికశాస్త్రమునఁ బ్రసిద్ధమైన యొక వ్యాసమును దాదాపు 4,300 వ్యాసము లుల్లేఖించియుండెను. ఆ యుల్లేఖనములలో 196 చోట్ల సంపుటసంఖ్యయో, పుటసంఖ్యయో, సంవత్సరమో తప్పుగాఁ బడినది. ఆ 196 తప్పులును నూటతొంబదియాఱు విధములవి గావు, నలుబదియైదు విధములవి మాత్రమే. ఒకే పుటసంఖ్యాదోషము 78 చోట్లఁ గానవచ్చినది. డెబ్బదియెనమండ్రు మూలమును జూచి వేఱువేఱుగ నొకే తప్పు చేసిరన నెవ్వఁడు నమ్మును? ఒకఁడు తప్పు వ్రాసెను, తక్కినవా రొకరి పట్టికనుండి యొకరు దానిని బ్రతివ్రాసిరి. తాము పేర్కొన్న మూలమును నిజముగఁ జదువువా రయిదుగురిలో నొక్కఁ డుండునేమో యని యా శాస్త్రజ్ఞు లంచనా కట్టిరి.

ఈ యంచనాను యథాతథముగ నంగీకరింప వలనుపడదు. హేతువునందు వ్యభిచారము గలదు. మూలమును శ్రద్ధతోఁ జదివినవాఁడును, వ్రాఁతవేళఁ బుస్తకము చేరువ లేక, సంపుటసంఖ్యను మాత్రము వేఱొకని పట్టికనుండి యెత్తివ్రాసియుండవచ్చును. కావునఁ బట్టికను బ్రతివ్రాసిన ప్రతివాఁడును మూలమును జదువలేదని తేల్చుట సాహసము. కాని యింతమాత్రము నిశ్చయము: తప్పుసంఖ్యను వ్రాసినవాఁడు, వ్రాసినపిదపనైన, నా సంఖ్యను బట్టి మూలమునకుఁ బోయి సరిచూడలేదు. దారి చూపుటకై నాటిన పలకను నాటినవాఁడే యా దారిని నడిచి చూడకున్న, బాటసారి గతి యేమి?

దీనికంటె విచిత్రమైన వృత్తాంత మొకటి 2017 లో వెలువడినది. లైడెను విశ్వవిద్యాలయమున విశ్రాంతాచార్యులైన క్రోనెన్‌బర్గుగారు, శాస్త్రవ్యాసమును వ్రాయు కళనుగూర్చి వాన్ డెర్ గీరు మొదలగు మువ్వురు 2000 సంవత్సరమున వ్రాసినట్లు పెక్కుచోట్ల నుల్లేఖింపఁబడిన వ్యాస మొకదానికై వెదకిరి. వ్యాసము దొరకలేదు. అది ప్రకటింపఁబడినట్లు చెప్పఁబడిన పత్రికయు దొరకలేదు. ఆన్-విల్ హార్జింగు గారీ విషయమును బరిశోధించి లోకమునకుఁ దెలిపిరి. ఆ వ్యాస మెన్నఁడును లేదు. ఎల్సెవియరను ప్రకాశకసంస్థ, పట్టిక నేరీతి వ్రాయవలెనో రచయితలకు నేర్పుటకై తన నమూనాపత్రమునందుఁ గల్పించి చూపిన యుదాహరణ మది. నమూనాను దుడిచివేయక కొందఱును, దుడువనివారినిఁ జూచి కొందఱును దానిని దమ పట్టికల కెక్కించిరి. ఇంచుమించు నన్నూఱు వ్యాసములందు లేని గ్రంథమునకు గౌరవము జరిగినది. వీనిలో నధికభాగము సభాకార్యసంపుటములందలివే యైనను, అన్నియు లెక్కకెక్కిన ప్రకటనములే. వంధ్యాపుత్రుఁడు, శశవిషాణము, గగనకుసుమము అని తర్కగ్రంథములందుఁ జదువుకొనుచుంటిమి; వాని కిపుడు సంపుటసంఖ్యయుఁ బుటసంఖ్యయు నేర్పడినవి.

ఇంతవఱ కాకరనిర్దేశమును గూర్చి. ఇఁకఁ బత్రికలను గొలుచు సాధనములను బరిశీలింతము. వాని పుట్టుక నెఱిఁగినఁ గాని వాని యధికారము తెలియదు. ఏ తీర్పు నే తరువాతి తీర్పు లుల్లేఖించినవో న్యాయవాదులకుఁ దెలుపు సూచిక యమెరికాలో 1873 లో షెపర్డనువానిచేఁ బ్రారంభింపఁబడినది. ఈ పద్ధతిని శాస్త్రములకుఁ జేర్పవచ్చునని యూజీను గార్ఫీల్డు 1955 లో సైన్సు పత్రికయందుఁ బ్రతిపాదించెను. ఒక వ్యాసమును దరువాతివా రెట్లు వాడిరో, ఖండించిరో, సవరించిరో తెలిసికొనుట యందలి ముఖ్యోద్దేశము. 1964 లో నట్టి సూచిక వెలువడినది. 1975 మొదలుకొని పత్రికలకు ఇంపాక్టు ఫ్యాక్ట రను ప్రభావగుణకము వార్షికముగఁ బ్రకటింపఁబడుచున్నది. సూచికలో నే పత్రికలను జేర్చవలెనో నిర్ణయించుటకును, గ్రంథాలయములు వేనిని దెప్పింపవలెనో తెలిసికొనుటకును నది పనికివచ్చినది.

దాని లెక్క సులభము. ఒక పత్రిక గడచిన రెండేండ్లలో నూఱు వ్యాసములను బ్రకటించెననుకొందము. ఈ యేఁట నా పత్రిక రెండేండ్ల ప్రకటనములను నితరులు మూఁడువందలమాఱు లుల్లేఖించిరనుకొందము. మూఁడువందలను నూటిచే భాగింప మూఁడు వచ్చును. అదియే గుణకము. ఇది సగటు. సగటు సముదాయధర్మము, దానిని వ్యక్తికి నారోపించుట యుక్తము గాదు. అగ్రహారమున నొక ఘనాపాఠి యున్నంతమాత్రమునఁ బ్రతి గృహమునను వేదాధ్యయనము జరుగుచున్నదని చెప్పవచ్చునా?

దీనికి లోకప్రసిద్ధమైన నిదర్శనము గలదు. స్ఫటికశాస్త్రమునకు సంబంధించిన ఆక్టా క్రిస్టలోగ్రాఫికా యను పత్రిక మొదటిశాఖకు 2008 లో గుణకము 2.051. మఱుసటి యేఁట 49.926. ఒక్క సంవత్సరమునఁ బత్రికలోని పండితు లెల్లరు నిరువదినాలుగురెట్లు పెరిగిరా? లేదు. షెల్డ్రిక్కు అనునాయన 2008 లో వ్రాసిన యొక్క వ్యాసమును, ఆయన సిద్ధపఱచిన గణనసాధనమును వాడిన ప్రతివారును నుల్లేఖింపవలసివచ్చినది. ఆ యొక్కదాని వెలుఁగు ప్రక్కనున్న వ్యాసముల కన్నిటికిని బంచఁబడినది. నేచర్ పత్రికవారే 2005 లోఁ దమ గుణకమును బరిశీలించుకొని, దానిలో నూటికి 89 వంతులు నూటి కిరువదియైదు వ్యాసములవలననే వచ్చినవని యొప్పుకొనిరి. తక్కిన డెబ్బదియైదింటి పాలు పదునొకండు వంతులు మాత్రమే.

కనుక నీ గుణకమును వ్యక్తుల విద్వత్తునకుఁ గొలమానముగ వాడరాదని 2012 లో శాన్‌ఫ్రాన్సిస్కోలోఁ గూడిన సంపాదకులు, ప్రకాశకులు తీర్మానించి 2013 లోఁ బ్రకటించిరి. 2015 లోఁ బ్రకటితమైన లైడెను ప్రకటనము పది నియమములను జెప్పుచు, నందొకటిగాఁ బ్రాంతీయావశ్యకత గల పరిశోధనయందలి శ్రేష్ఠతను గాపాడవలెనని నిర్దేశించినది. ఈ నియమము మన తెలుఁగువారి కత్యంతము గమనింపఁదగినది. ఏలయన, రెండేండ్లలో నుల్లేఖింపఁబడిన దానినే గణించు లెక్క భాషాసాహిత్యములకు సరిపడదు. ఔషధవిద్యలో నిన్నటి వ్యాసము రేపటికిఁ బాతదగును. శాసనపాఠమో, ఛందోవిచారమో యఱువదియేండ్లకుఁ గాని తనకుఁ దగిన చదువరిని బొందకపోవచ్చును. 1924 లోఁ బుట్టి 1991 లో నిలిచిపోయిన భారతి పత్రికలోని వ్యాసములను నేఁటికిని దెలుఁగు పరిశోధకు లుల్లేఖించుచునే యున్నారు. ఆ యుల్లేఖనముల విలువ యీ గుణకమున సున్న. ఇక్కడ సున్న యనుట భారతి లోపమా, కొలమానపు లోపమా? జల్లెడతో నీరు ముంచి, బావిలో నీరు లేదనువానివంటిది యీ లెక్క.

సంఖ్యలకుఁ బ్రక్కన నింకొక సాధనము జాబితా. డబ్బు పుచ్చుకొని పరీక్ష చేయక యచ్చువేయు పత్రికలు పెచ్చుపెరుగఁగా, కొలరాడో విశ్వవిద్యాలయపు డెన్వరు శాఖలో గ్రంథాలయాధికారియైన జెఫ్రీ బీల్ 2010 మొదలుకొని యట్టివాని పట్టికను బ్రకటించి, 2017 జనవరిలో దానిని దొలఁగించెను. ఇంతలో 2013 లో జాన్ బొహానన్ అనునతఁడు తప్పులు తెలిసి చొప్పించిన కల్పితవ్యాసమును 304 పత్రికలకుఁ బంపఁగా 157 దాని నంగీకరించినవి, 98 నిరాకరించినవి. బీలు పట్టికలోని ప్రకాశకులలోఁ బరీక్షావ్యవహారమును ముగించినవారు నూటి కెనుబదియిద్ద ఱంగీకరించిరి. పట్టిక చాలవఱకు సత్యమే చెప్పినదన్నమాట. కాని యందే యించుమించు నయిదింటిలో నొకటి వ్యాసమును దిరుగఁగొట్టి తన ధర్మమును నెఱవేర్చినది. మఱియుఁ బేరుమోసిన ప్రకాశకుల పత్రికలు కొన్ని దాని నంగీకరించినవి. ఉత్సర్గమునకు నపవాదము లిరువైపుల నున్నవి.

మన దేశవృత్తాంత మింతకంటె బోధకము. యూజీసీ యనఁబడు విశ్వవిద్యాలయ ధనసహాయసంఘము 2010 లో నధ్యాపకుల యున్నతికి వ్యాసములకు మార్కులు కట్టు పద్ధతిని దెచ్చెను. మార్కులున్నచోట వానిని సంపాదించు నుపాయము లుండును. 2017 లో సంఘమువా రంగీకృతపత్రికల జాబితాను బ్రకటించిరి. భూషణ పట్వర్ధన్ గారును వారి సహచరులును ఆ జాబితాలో విశ్వవిద్యాలయములు పంపిన పత్రికలనుండి కొన్నిటిని యాదృచ్ఛికముగ నేఱి, ప్రసిద్ధసూచికల కెక్కినవానిని విడిచి, మిగిలిన 1,009 పత్రికలను బరీక్షించి, ఫలితమును 2018 లోఁ గరెంట్ సైన్సునందుఁ బ్రకటించిరి. ప్రాథమికలక్షణములు గలవిగాఁ దేలినవి 112 మాత్రమే. తక్కినవానిలోఁ గొన్నిటికిఁ జిరునామా లేదు. కొన్నిటికి సంపాదకుల పేళ్లు లేవు. కొన్ని లేని గుణకములను బ్రకటించుకొన్నవి. 2018 మేనెలలో సంఘమువారు 4,305 పత్రికలను జాబితానుండి తొలఁగించిరి. 2019 లోఁ గేర్ అను క్రొత్త జాబితా వచ్చినది. 2025 ఫిబ్రవరిలో నదియు నిలిపివేయఁబడి, పత్రికలను బరీక్షించుటకు సూచనలు మాత్ర మీయఁబడి, నిర్ణయభారము విద్యాసంస్థలకును బండితులకును వదలఁబడినది. ఎనిమిదేండ్లలో రెండు జాబితాలు పుట్టి గిట్టినవి.

ఇందలి సారమేమి? జాబితా పరీక్షకు ఫలము గావలెను గాని పరీక్షకుఁ బ్రత్యామ్నాయము గారాదు. ఎవరో పరీక్షించిరని మనము మానితిమి. మనము వాడుచున్నాము గదా యని వారు మానిరి. అంధపరంపరాన్యాయ మిదియే.

పత్రికల యట్టలపై నైయస్‌యస్‌యన్ సంఖ్యను బెద్దయక్షరములతో వేసికొని, యదియే యోగ్యతాపత్రమైనట్లు చెప్పుకొనుటయు వాడుకలో నున్నది. అది యేమో విప్పిచూతము. ఆ సంఖ్య యెనిమిదంకెలు గలది. నేచర్ పత్రికది 0028-0836. మొదటి యేడంకెలను వరుసగా 8, 7, 6, 5, 4, 3, 2 లచే గుణించి కూడఁగా 82 అగును. దానిని 11 చే భాగింప 5 శేషించును. 11 నుండి 5 తీసివేయ 6. అదియే కడపటి యంకె. శేషమును దీసివేయఁగాఁ బది వచ్చినచో రోమనుసంఖ్యయగు ఎక్సును వేయుదురు. సంఖ్యను వ్రాయుటలో నంకె తప్పినదేమో కనుఁగొనుట కీ కడపటి యంకె యుపకరించును. దొంగసంఖ్యలు గొన్ని యిక్కడనే పట్టుపడును. కాని సంఖ్య నిజమైనంతమాత్రమునఁ బత్రిక మంచిదని తేలదు. అది నామకరణమువంటిది. విద్యాసాగరుఁడని పేరుపెట్టిన మాత్రమున శిశువునకు విద్య యబ్బునా?

ఇంతట నొక పూర్వపక్షము పుట్టును. "గుణకమును వలదంటిరి, జాబితాను జాలదంటిరి, సంఖ్యను నామమాత్రమంటిరి. వేయింటికొలఁది వ్యాసములు వెలువడుచుండఁగాఁ బ్రతిదానిని స్వయముగఁ బరీక్షించుట మానవసాధ్యమా? శబ్దప్రమాణము నంగీకరింపని లోకవ్యవహార మెట్లు నడచును?" అని. శబ్దప్రమాణమును ద్రోసివేయుట మా యభిప్రాయము గాదు. ఆప్తవాక్యము ప్రమాణమే. ఆప్తుఁడన నెవఁడు? విషయము నెఱిఁగినవాఁడును, ఎఱిఁగినదాని నున్నదున్నట్లు చెప్పువాఁడును. పత్రిక యాప్తమా కాదా యని తెలిసికొనుటకుఁ గొన్ని ప్రశ్న లడిగిన జాలును. సంపాదకు లెవరు, వా రా విషయమునఁ గృషిచేసినవారా, వారి పేళ్లు వారి యనుమతితోనే వేయఁబడినవా? వెనుకటి సంచిక లందఱకు లభించుచున్నవా? వ్యాసమును బరీక్షించుట కెంతకాలము పట్టును? రెండు దినములలో నంగీకారము వచ్చినచోఁ జదివినవా రెవ్వరును లేరనవలెను. రచయితనుండి గొను రుసుము ముందుగఁ దెలుపఁబడినదా? అన్నిటికంటె ముఖ్యమైనది, తప్పు బయలుపడినపుడు పత్రిక దానిని సవరించుకొని ప్రకటించునా? లాన్సెట్టు పత్రిక 1998 లోఁ దాను బ్రకటించిన, టీకాలను గూర్చి లోకమున నపోహలు రేపిన వ్యాసమును 2010 లో నుపసంహరించుకొన్నది. పండ్రెండేండ్లు పట్టుట నింద్యము. ఉపసంహరించుకొనుట మాత్రము పత్రికాధర్మము. తప్పు నెన్నఁడును సవరింపని పత్రికకుఁ దప్పులు లేవని గాదు, వెదకువారు లేరని యర్థము.

ఉల్లేఖించువానికిని గొన్ని నియమములు చెప్పవచ్చును. చూచినదానినే చూచినట్లు వ్రాయవలెను. ఇతరుని గ్రంథమునఁ జూచినచో మూలమును, నే గ్రంథమున నుదాహృతమైనదో దానిని, రెంటిని జెప్పవలెను. ఇందవమానము లేదు, దాఁచుటయం దున్నది. గ్రంథకర్త, గ్రంథము, ముద్రణము, ముద్రణస్థలము, సంవత్సరము, పుట యనునవి తప్పక యుండవలెను. వాక్యము నెత్తివ్రాసినచో నక్షరముమార్పరాదు. విడిచినచో విడిచినట్లు గుర్తు వేయవలెను. మూలము మన వాదమునకుఁ బ్రతికూలముగఁ జెప్పిన భాగమును దాఁచి, యనుకూలమును మాత్ర ముద్ధరింపరాదు. పిదప నుపసంహరింపఁబడిన వ్యాసమేమో విచారింపవలెను. అట్టివాని వివరములను 2018 నుండి యందఱు వెదకి చూచుట కనువగు సంగ్రహ మొకటి యంతర్జాలమునఁ గలదు. ఇటీవలి వ్యాసములకు డీవోఐ యను స్థిరాంకమును జేర్చినచోఁ బుటల చిరునామా మాఱినను వ్యాసము దొరకును. 2000 సంవత్సరమునుండి క్రాస్‌రెఫ్ అను సంఘము ప్రకాశకుల వ్యాసముల కీ యంకములను నమోదుచేయుచున్నది.

"పల్లెబడిలోని పండితునకుఁ బెద్ద గ్రంథాలయ మెక్కడిది, మూలమును జూడవలెనన నెట్లు?" అని యడుగవచ్చును. ఈ యాక్షేపము పూర్వము బలవంతమైనది. ఇప్పుడు పాత తెలుఁగు గ్రంథములును బత్రికలును బెక్కులు ఛాయాప్రతులుగ నంతర్జాలమున లభించుచున్నవి. కాని యచటను జాగ్రత్త వలయును. తెరపై గనఁబడు పుటసంఖ్య వేఱు, అచ్చుపుటపై నున్న సంఖ్య వేఱు, ఉల్లేఖింపవలసినది రెండవది. ముఖపత్రము చినిఁగిపోయిన ప్రతికి నెవరో తోఁచిన పేరును, దోఁచిన సంవత్సరమును జేర్చియుందురు. పీఠికను, గ్రంథాంతగద్యమును జూడక యా పేరును నమ్మరాదు. అచ్చుదోషమునకుఁ దోడు ఛాయాప్రతిలోఁ జిరిగిన యంచులును, లోపించిన పుటలును నుండును. ఇవి తాళపత్రములతోఁ బనిచేసినవారికిఁ దెలియని కష్టములు గావు.

ఇప్పు డీ విచారమున కొక క్రొత్త తొందర యేర్పడినది. అడిగినంతనే వ్యాసము వ్రాసియిచ్చు కృత్రిమమేధాయంత్రములు వచ్చినవి. అవి పద్ధతి ప్రకార మాకరములను గూడఁ జూపును. వానిలోఁ గొన్ని కలవు, కొన్ని లేవు. లేనివియు నున్నవానివలెనే కర్తతో, సంపుటముతో, సంవత్సరముతో నలంకృతములై యుండును. 2023 లో న్యూయార్కు న్యాయస్థానమునఁ గొందఱు న్యాయవాదు లట్టి యంత్రము కల్పించిన తీర్పులను నిజమైన తీర్పులుగ నుల్లేఖించి, న్యాయాధిపతిచే నయిదువేల డాలర్ల దండన పొందిరి. ఆ తీర్పుల పేళ్లు, సంఖ్యలు, వాక్యములు, అన్నియు నమర్పుగనే యుండెను. తెఱచి చూడఁబోవఁగా సంపుటమునఁ దీర్పు లేదు. ఆకారము చూచి యాకరమును నమ్ము కాలము దీనితోఁ దీఱినది. నమూనాపత్రమునుండి పుట్టిన లేనివ్యాస మొక్కటి నన్నూఱింటికిఁ బ్రాఁకఁగా, గడియకు వేయి కల్పింపఁగల యంత్రముల పని యేమి చెప్పవలెను?

తెలుఁగు పరిశోధనకు నిందువలనఁ గలుగు హాని తక్కినవారికంటె నధికము. ఇంగ్లీషునందలి దొంగయుల్లేఖనమును బట్టుటకు వేయికన్నులు గలవు. తెలుఁగు వ్యాసమునఁ బడిన లేనిగ్రంథపు పేరు పది యేండ్లు పట్టుపడక నిలిచినచో, దానిని నమ్మి యొక విద్యార్థి సిద్ధాంతగ్రంథము వ్రాయును. ఆ సిద్ధాంతగ్రంథమును నమ్మి పాఠ్యపుస్తకము వ్రాయఁబడును. పిల్లలు దానిని వల్లింతురు. సింగన నాలుగక్షరములతో నున్న గ్రంథమును గాపాడెను. మనము నాలుగక్షరములతో లేని గ్రంథమును బుట్టింపఁగలము. సాధన మొక్కటే, వాడినవాని శ్రద్ధయందే భేదము.

కావున నిర్ణయ మిది. గుణకము, జాబితా, క్రమసంఖ్య యనునవి పత్రిక నెక్కడ వెదకవలెనో, దేనిని ముందు చదువవలెనో తెలుపు నుపాయములు. వాక్యమునకుఁ బ్రామాణ్యము నిచ్చునవి గావు. ఆకరనిర్దేశము చదువరిని మూలమునొద్దకు నడిపించు మార్గము. రచయిత పాండిత్యమును జాటు నలంకారము గాదు. పట్టికలోని ప్రతి పేరునకును నెదుట, దీనిని నేను దెఱచి చూచితినా యని యొక్కమాఱు ప్రశ్నించుకొన్న రచయితకు వేఱు కొలమానముతోఁ బనిలేదు. పాఠశాలలందుఁ జందోవ్యాకరణములతోఁ బాటు ఈ యభ్యాసమును గూడ, ఒక్క పద్యమునకు మూలమును వెదకి, ముద్రణమును బుటను వ్రాసి చూపు పనితోఁ బ్రారంభించి, విద్యార్థులకు నేర్పుట యుపాధ్యాయుల చేతిలో నున్నది. విజ్ఞు లీ విషయమును విమర్శించి తమ యభిప్రాయములను సాధారముగఁ దెలుపుదురు గాక.